ఒడి నుండి పక్కకు
(సంఘము మాసాంత సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన మాసాంత సభలలో పెద్దలు కావ్యములను గూర్చియు, నాటకములను గూర్చియు, సంగీతమును గూర్చియు ప్రసంగించుట పరిపాటి. కార్యదర్శిగారు నన్ను మాటలాడుమని కోరినప్పుడు నేనును అట్టి విషయమునే యెన్నుకొందునని తలచియుందురు. కాని గడచిన కొన్ని మాసములుగా మా యింట చర్చకు వచ్చిన విషయము ఒక్కటే: పదినెలల పాపను పగటివేళ ఒడి దించి పక్కమీద నిద్రపుచ్చుట యెట్లు? ఇది సభకు తగిన విషయమా యని కొందరికి నవ్వు రావచ్చును. భార్యాభర్త లిరువురును కొలువు చేయు కుటుంబములు మనలో అనేకము కలవు గనుక, నవ్వువారికంటె నిట్టూర్చువారే యెక్కువయని నా నమ్మకము. నేను వైద్యుడను కాను. చరిత్ర చదువుకొని ఫైళ్ల నడుమ పడినవాడను. చదివినదియు, చూచినదియు, పొరపడినదియు మాత్రమే విన్నవింతును.

మా రెండవ పాప పుట్టినప్పుడు రాజమహేంద్రవరము నుండి మా అత్తగారు వచ్చి మాతో నుండిరి. కేంద్ర ప్రభుత్వోద్యోగినులకు 2008వ సంవత్సరము నుండి ప్రసూతి సెలవు 180 దినములు. శిశుసంరక్షణకై ఉద్యోగ జీవితము మొత్తము మీద 730 దినముల సెలవు కూడ ఆ యేడే యేర్పడినది. కాని యిది హక్కుగా కోరదగినది కాదు, మంజూరు కావలయును. నా వంటి తండ్రికి లభించునది 15 దినములు. పార్లమెంటు సమావేశములు సమీపించుటచే నా భార్య కోరిన పొడిగింపు దొరకలేదు. మామగారి కంటి శస్త్రచికిత్సకై అత్తగారు నెల దినములలో తిరిగి పోవలసియుండెను. పాపను కార్యాలయపు క్రెష్‌లో చేర్చుట తప్ప మార్గము కానరాలేదు.

పాప పగలు రెండు మూడు మారులు నిద్రించెడిది. అన్ని మారులును అమ్మమ్మ ఒడిలోనే. దించినంతనే కెవ్వున లేచెడిది. అత్తగారు గంట, గంటన్నర కదలక కూర్చుండెడివారు. ఒకనాడు వారి కుడి మణికట్టునకు గుడ్డ కట్టుకొనియుండుట చూచి, “ఏమైందండీ అత్తయ్యగారూ?” అని యడిగితిని. “ఏం లేదు బాబూ, పప్పు రుబ్బుతుంటే కాస్త పట్టేసింది” అనిరి. మా యింట రుబ్బురోలు లేదు.

ఆ వారమే క్రెష్ చూచి వచ్చితిమి. ఆయా మంచి మనిషి. కాని ఆమె చేతిలో పలువురు పిల్లలు. ఒక్కొక్కరిని ఒడిలో నిద్రపుచ్చుటకు తనకున్నవి రెండే చేతులని ఆమె స్పష్టముగా చెప్పినది. ఆమె మాటలో కాఠిన్యము లేదు, లెక్క ఉన్నది. ఆ సాయంకాలము మా యింట ఎవరును సరిగా భోజనము చేయలేదు.

నేను పుస్తకములు తిరుగవేసితిని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన మార్గదర్శకముల ప్రకారము, నాలుగు మొదలు పదునొకండు నెలల వరకు గల శిశువునకు పగటి కునుకులతో కలిపి దినమునకు 12 మొదలు 16 గంటల నిద్ర కావలయును. మా పాపకు 11 గంటలకు మించుట లేదు. శిశువు నిద్ర పెద్దలవలె దీర్ఘమైన ఆవృత్తులతో సాగదు. సుమారు ముప్పాతిక గంట నుండి గంటకు ఒక ఆవృత్తి ముగిసి, కొంచెము మెలకువ వచ్చును. అప్పుడు తాను నిద్రపట్టిన చోటు కాక వేరొక చోటు కనబడినచో బిడ్డ బెదరుట సహజము. ఒడిలో కన్నుమూసి చాపమీద కన్నుతెరచిన బిడ్డ ఏడ్చుట మొండితనము కాదు. మన మంచముపై నిద్రించి వీధి యరుగుమీద మేలుకొన్నచో మనము మాత్రము కేక వేయమా?

ఇంకొక సంగతి. ఎనిమిదవ నెల ప్రాంతమున బిడ్డకు క్రొత్త జ్ఞానము కలుగును: కంటికి కనబడని వస్తువు లేకపోలేదు, ఎక్కడనో ఉన్నది. కనుకనే అమ్మ గది దాటినంతనే ఎడబాటు దుఃఖము మొదలగును. మన దోబూచులాటకు గల విలువ నాకు అప్పుడు తెలిసినది. కొంగు చాటున దాగిన ముఖము మరల వచ్చునని వందమారులు చూచిన బిడ్డకు, వెళ్లినవారు వత్తురను నమ్మకము కుదురును.

ఏడ్పు విషయమై మా యింట వాదము చెలరేగినది. గది తలుపు మూసి ఏడ్వనిచ్చు పద్ధతి యొకటి కలదని నేను చదివి చెప్పగా అత్తగారు, “పసిదాన్ని ఏడిపించి నిద్రపుచ్చడం కూడా ఒక చదువేనా బాబూ?” అనిరి. నాకు సమాధానము తోచలేదు. ఆస్ట్రేలియాలో నిద్ర సమస్యలు గల శిశువుల తల్లిదండ్రులకు రెండు క్రమపద్ధతులు నేర్పి, పిల్లలను ఆరేండ్ల వయస్సున మరల పరిశీలించిరి. వానిలో నొకటి, ప్రక్కన కూర్చుండి దినదినము కొంచెము దూరము జరుగుట. పిల్లలకు హాని కలిగినట్లు కానరాలేదని 2012లో ప్రకటించిరి. అది ముఖ్యముగా రాత్రి నిద్రకు సంబంధించినది. అయినను తలుపు మూయనక్కరలేని త్రోవ యొకటి దొరికినదని సంతోషించితిమి. అత్తగారు అందుకు సమ్మతించిరి, ఒక నియమము మీద: బిడ్డ ఏడ్చినప్పుడు చేయి తగులుచుండవలయును.

మేము చేసిన పని క్రమముగా చెప్పెదను.

మొదట వారము దినములు ఏమియు మార్చక, నిద్రవేళలను నోటుబుక్కులో వ్రాసితిమి. దాని వలన మా పొరపాటు బయటపడినది. పాప కన్నులు నులుముకొని, చెవి లాగుకొని, చూపు నిలుపలేని వేళ దాటిపోయిన తరువాత మేము ప్రయత్నించుచుంటిమి. అలసట మితిమీరిన బిడ్డ తేలికగా నిద్రపోదు. సాయంకాలము టీ వేళకు పట్టిన మూడవ కునుకు రాత్రి నిద్రను పదునొకండు గంటలకు త్రోయుచుండెను. ఆ కునుకును మాన్పి, లేచిన మూడు గంటల ప్రాంతమున మొదటి కునుకు, మధ్యాహ్నము రెండవది యని నిర్ణయించితిమి. రెండు కునుకులు చాలు వయస్సది. ఒక్కటియే చాలుట సాధారణముగా ఏడాది దాటి కొన్ని నెలలకు గాని రాదు.

రెండవది, చోటు. గట్టి పరుపు, దిండు లేదు, వదులు దుప్పటి లేదు, వెల్లకిల పరుండబెట్టుట. కిటికీకి ముదురు తెర. కూరలబండివాని కేకను ఆపలేము గనుక కూలరు చప్పుడునే తోడు చేసికొంటిమి. చీర ఉయ్యాల కట్టుదమా యని ఆలోచించితిమి. కాని అందులో బిడ్డ మెడ ముందుకు వంగి ఊపిరి అడ్డుపడవచ్చును. కనిపెట్టియుండువారు లేనిచోట అది తగదు. పైగా క్రెష్‌లో ఉయ్యాల యుండదు.

మూడవది, వరుస. ముఖము, పాదములు తడిగుడ్డతో తుడుచుట, తెర వేయుట, అమ్మమ్మ పాడు ఒకే జోల. ప్రతి కునుకునకు అదియే వరుస. జపానులోని రికెన్ సంస్థవారు 2022లో ప్రకటించిన పరిశీలనలో, ఏడ్చు శిశువును ఐదు నిమిషములు ఎత్తుకొని నడచి, నిద్రపట్టిన పిదప ఐదు మొదలు ఎనిమిది నిమిషములు కదలక కూర్చుండి దించినచో మేలుకొనుట తక్కువయని తేలినది. వారు చూచినది మా పాపకంటె చిన్న శిశువులను. మేము దాని మొదటి సగము మాత్రమే గ్రహించితిమి: ఎత్తుకొని శాంతింపజేసి, కన్నులు పూర్తిగా మూతపడక మునుపే పక్కమీద దించుట.

నాలుగవది, చేయి. మొదటి దినములలో పొట్టమీద అరచేయి, జోకొట్టుట. పిదప జోకొట్టక చేయి మాత్రము. అటుపిమ్మట చేరువలో పీట. చివరకు గుమ్మము దగ్గర పీట. ముప్పాతిక గంటకు కదలినప్పుడు వెంటనే ఎత్తుకొనక కొంచెము వేచియుండుట. పిలుపు ఏడ్పుగా మారినచో చేరబోవుట.

మొదటి రెండు దినములు పాప నా చేతి క్రిందనే చాలసేపు ఏడ్చినది. మూడవనాడు నా భార్య తాళలేక ఎత్తుకొని ఒడిలోనే నిద్రపుచ్చినది. ఓడిపోతిమని తలచితిని. కాని మరునాడు మధ్యాహ్నము పాప నా బొటనవ్రేలు పట్టుకొని, పక్కమీద తనంతట తాను కన్నుమూసినది. పన్ను వచ్చి జ్వరము తగిలిన నాలుగు దినములు పద్ధతి యంతయు కట్టిపెట్టి ఒడిలోనే ఉంచుకొంటిమి. రోగములో నున్న బిడ్డకు ఒడియే మందు. తగ్గిన తరువాత మరల గుమ్మము దగ్గరకు చేరుటకు వారము పట్టినది.

ఒక్క మాట ఒప్పుకొనవలయును. పాప అలవాటుపడిన కొలది అత్తగారు మాటలు తగ్గించిరి. ఆమె మణికట్టునకు ఊరట కలిగినది; ఒడి మాత్రము ఖాళీ అయినది. ఈ సంగతి ఏ పుస్తకమును నాకు చెప్పలేదు. నా భార్య గ్రహించి, సాయంకాలము పాప మేలుకొనియున్న గంట సేపు పూర్తిగా అమ్మమ్మదే యని ఏర్పాటు చేసినది.

క్రెష్‌లో మొదటి వారము పాప ఇరువది నిమిషములకు మించి నిద్రించలేదు. మేము ఉదయము దొంగచాటుగా జారుకొనక, చెప్పి, చేయి ఊపి వెళ్లితిమి. ఇంటి దుప్పటి యొకటి పక్కమీద పరువనిచ్చిరి. మూడవ వారమునకు గంట కునుకు కుదిరినది. ఆయాకు తెలుగు రాదు. కాని ఆ జోల వరుసను నా భార్య వద్ద నేర్చుకొని కూనిరాగముగా తీయుచున్నది. ఈ వార్త ఫోనులో చెప్పగా అత్తగారు కొంతసేపు మాటలాడలేదు. పిదప, “మాటలు లేకపోయినా పర్వాలేదులే, రాగం వచ్చిందిగా” అనిరి.

బిడ్డ తానుగా నిద్రించుట యనగా ఎవరును లేకుండుట కాదు. ఎవరో ఒకరు ఉన్నారన్న నమ్మకముతో కన్నుమూయుట. మన సంఘమున బిడ్డలను పెంచి విశ్రాంతిలో నున్న తల్లులు పలువురు కలరు. క్రొత్తగా కొలువులో మరల చేరు తల్లులకు, ఆ నెల దినములు మధ్యాహ్నపు వేళ ఒకరికొకరు తోడు పోవు ఏర్పాటు చేయుడని కార్యవర్గమునకు మనవి చేయుచున్నాను. అట్టి తోడు మాకు దొరికియుండినచో అత్తగారి మణికట్టునకు ఆ గుడ్డ కట్టవలసిన పని యుండెడిది కాదు.