బరువు తగ్గే ఆపరేషన్ తరువాత: ఒక తండ్రి అనుభవం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం కూడినప్పుడల్లా నకారా కేసును తలుచుకోవడం ఆనవాయితీ. పెన్షన్ ఎవరి దయాధర్మమూ కాదని 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు అది. ఆ తరువాత డి.ఆర్. బకాయిలు, మెడికల్ బిల్లులు మాట్లాడుకుని భోజనాలకు లేస్తాము. ఈసారి కార్యదర్శి గారు నన్ను ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను. 1973లో దేవరకొండ తాలూకా కచేరిలో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయిన గుమాస్తాను. కనుక శాస్త్రం జోలికి ఎక్కువ పోకుండా మా ఇంట్లో జరిగింది మనవి చేస్తాను. మా అమ్మాయి అనుమతి తీసుకునే చెబుతున్నాను. "చెప్పు నాయినా, నా పేరు మాత్రం చెప్పకు" అన్నది.

మా అమ్మాయిని మహబూబ్‌నగర్ ఇచ్చాము. అక్కడే బడిలో టీచరు. 2022 నాటికి ఆమె వయస్సు 43, బరువు 112 కిలోలు, ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. డాక్టర్లు బరువును ఎత్తు వర్గంతో భాగించి ఒక అంకె తీస్తారు. ఆమెది 46 దాటింది. షుగరు, బి.పి., రాత్రిళ్ళు ఊపిరి ఆగినట్లయి లేచి కూర్చోవడం, మెట్లెక్కలేని మోకాళ్ళు అన్నీ తోడైనవి. హైదరాబాదులో ఆపరేషన్ చేయించుకుంటానన్నప్పుడు ఇంట్లో మొదట అడ్డుపడింది నేనే. "నోరు కట్టుకుంటే పోయేదానికి కడుపు కోయించుకునుడు ఎందుకు?" అన్నాను. ఆమె ఏడవలేదు, కోప్పడలేదు. "పన్నెండేండ్ల సంది నోరు కట్టుకుంటనే ఉన్న నాయినా, నీకు కనవడలే" అన్నది.

నాకు కనపడకపోవడానికి ఒక కారణం ఉన్నది. మాది దేవరకొండ వైపు మెరక ఊరు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలితే మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పొలాలు పచ్చబడ్డవి గాని, ఆ నీళ్ళు మా మెరకకు ఎక్కలేదు. మా చిన్నతనంలో పొద్దున అంబలి, మాపు జొన్న గట్క. వరి అన్నం పండుగ నాడు. ఒంటి మీద కాస్త కండ ఉన్న పిల్లను చూస్తే "పెట్టుపోతల ఇల్లు" అనేవారు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చిన తరువాత మూడు పూటలా అన్నమే అయింది. గట్క తిన్న వాళ్ళం పొలంలో ఒళ్ళు వంచి అరగదీసుకున్నాం. మా పిల్లలు అన్నం తిని కుర్చీలో కూర్చున్నారు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవారిలో పదిమందికి ముగ్గురు ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువున్నారని తేలింది. మగవారూ తక్కువేమీ లేరు. ఆకలి చూసిన మా కళ్ళకు లావు రోగంగా కనపడదు.

ఈ ఆపరేషన్ నిన్న మొన్న పుట్టింది కాదు. 1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జను ఒక రకం మొదలుపెట్టాడు. అల్సరుకు కడుపులో కొంత భాగం తీసేసిన రోగులు సన్నబడటం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందట. మా అమ్మాయికి చేసింది స్లీవ్ అనే రకం. జీర్ణాశయంలో ముప్పాతిక వంతుకు పైగా కోసి తీసేస్తారు. మిగిలింది అరటికాయంత సన్నని గొట్టం. మొదట్లో అందులో పట్టేది అరగ్లాసు. ఆకలి పుట్టించే ఒక హార్మోను కూడా ఆ తీసేసిన భాగంతో చాలా వరకు పోతుంది. ఖర్చు నాలుగు లక్షల దాకా అయింది, కొంత మా అల్లుని ఇన్సూరెన్సులో వచ్చింది. 2023 మొదట్లో ఉస్మానియా ఆసుపత్రిలో 240 కిలోల యువకునికి ఉచితంగా చేశారన్న వార్త మీలో కొందరు చదివే ఉంటారు. కనుక ఇది డబ్బున్న వారి ముచ్చట అనుకోనక్కరలేదు.

ఆగస్టులో ఆపరేషన్ అయింది. మూడో రోజున ఇంటికి పంపారు. రెండు వారాలు ద్రవపదార్థాలు, తరువాత రెండు వారాలు మెత్తగా రుబ్బినవి, ఆ తరువాత మెత్తని ఆహారం, రెండు నెలలకు మామూలు తిండి అని కాగితం రాసిచ్చారు. ఆ కాగితం బీరువాలో భద్రంగా పెట్టాము. మన ఆఫీసుల్లో సర్క్యులర్లను కూడా అట్లాగే భద్రపరుస్తాము కదా!

అక్టోబరు 3న సద్దుల బతుకమ్మ. అమ్మాయి పది రోజుల ముందే పుట్టింటికి వచ్చింది. అప్పటికే పాతిక కిలోలు తగ్గి ముఖం పీక్కుపోయింది. తల దువ్వుకుంటే గుప్పెడు వెంట్రుకలు రాలుతున్నవి. మా ఆమె చూసి ఘొల్లుమన్నది. ఇక మొదలైంది. పులిహోర ముద్ద, పెరుగన్నం, నువ్వుల సద్ది, మలీద. నేనేం తక్కువ తినలేదు. జొన్నరొట్టె తింటే ఒళ్ళు గట్టిపడుతుందని నేనే చేయించి దగ్గర కూర్చుని తినిపించాను. ఏడు వారాల పచ్చి కడుపులో ఎండు రొట్టె ఇరుక్కున్నది. అరగంట గుండె పట్టుకుని మెలికలు తిరిగి కక్కింది. "ఆకలి లేక కాదు నాయినా, కడుపుల జాగ లేదు" అన్నది. అయినా మరునాడు మళ్ళీ "కొంచెం, ఒక్క ముద్ద" అన్నాము. చుట్టాలు వచ్చి "ఏం తింటలేదు పిల్ల, పస్తు పెడుతున్నరా?" అంటే మాకు తల కొట్టేసినట్లుండేది.

వాంతులు రోజూ అయ్యేవి. ఆపరేషన్ అన్నాక ఇవన్నీ మామూలే అనుకున్నాము. పండుగ పోయిన వారానికి కాళ్ళలో తిమ్మిర్లు అన్నది. నడుస్తుంటే తూలేది. ఒకనాడు గోడ గడియారం చూసి "రెండు కనపడుతున్నయి" అన్నది. దగ్గరి నర్సింగ్ హోముకు తీసుకుపోతే నీరసమని గ్లూకోజు ఎక్కించి పంపారు. సాయంత్రానికి మాట తడబడింది. రాత్రికి రాత్రే కారు మాట్లాడుకుని ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరకు హైదరాబాదు పోయాము.

ఆయన మొదట అడిగిన ప్రశ్న: "వాంతులు ఎన్ని రోజుల నుంచి?" మేము ముగ్గురం ముఖాలు చూసుకున్నాం. పది రోజులని మా ఆమె, మూడు వారాలని నేను, ఆపరేషన్ అయినప్పటి నుంచని అమ్మాయి. 35 ఏళ్ళు తారీఖు లేని కాగితం ముట్టుకోని వాణ్ణి, నా కన్నబిడ్డ విషయంలో ఒక్క తారీఖు చెప్పలేకపోయాను.

అది బి1 విటమిన్ లోపం. శరీరంలో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదట. తిండి తక్కువై, తిన్నది కక్కేస్తుంటే త్వరగా అయిపోతుంది. అప్పుడు నరాలు, కండ్లు, మెదడు దెబ్బతింటాయి. ముందుగా బి1 ఇంజెక్షన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయి పరిస్థితి విషమిస్తుంది. తవుడంతా పోయేలా మర పట్టిన తెల్ల బియ్యమే తినే చోట్ల పూర్వం బెరిబెరి అని వచ్చిన జబ్బు కూడా ఈ లోపమేనట. దేవుని దయవలన సమయానికి ఇంజెక్షన్లు పడ్డవి. చూపు నాలుగు రోజుల్లో కుదుటపడింది. కాళ్ళ తిమ్మిర్లు పోవడానికి ఐదు నెలలు పట్టింది. మీ ఇళ్ళలో ఎవరైనా ఈ ఆపరేషన్ చేయించుకుని ఉంటే, వాంతులు రెండు మూడు రోజులు ఆగకపోతే వెంటనే ఆపరేషన్ చేసిన వారికే ఫోను చేయండి. వేరే చోటికి పోవలసి వస్తే ఆపరేషన్ సంగతి ముందు చెప్పండి. దాచకండి. మేము "గ్యాసు ఆపరేషన్" అని చెప్పి దాచాము, పరువు కోసం.

ఇంటికి వచ్చిన నాడే ఒక పొడుగు రిజిస్టరు కొన్నాను. తేదీ, వేళ, పదార్థం, పరిమాణం, మాత్ర వేసుకున్నదా, కక్కిందా, రిమార్కులు అని గళ్ళు కొట్టాను. అమ్మాయి నవ్వింది. "నాయినా, నన్ను కూడా ఫైలు చేసినవా?" అన్నది. ఆ రిజిస్టరే నాకు కళ్ళు తెరిపించింది. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని డైటీషియన్ చెప్పింది. లెక్క వేస్తే గుడ్డుకు 6 గ్రాములు. వంద గ్రాముల పెరుగుకు మూడు నాలుగు. అదే వంద గ్రాముల అన్నానికి రెండు, రెండున్నర. అరగ్లాసు పట్టే కడుపులో ముందు అన్నం పోస్తే కడుపు నిండిపోతుంది, ఖాతాలో జమ అయ్యేది రెండు గ్రాములు. మనం విస్తట్లో మొదట గుట్టగా అన్నం పెట్టుకుని కూర అంచుకు వేసుకుంటాము. ఆమెకు తలకిందులు చేయాలి. ముందు గుడ్డు, ముద్దపప్పు, మెత్తగా ఉడికిన చేప, కోడికూర ముక్క. జాగ మిగిలితే చివర రెండు ముద్దలు అన్నం. మొదట్లో తిండితో 60 నిండేది కాదు, పాలలో ప్రోటీన్ పొడి కలిపి ఇచ్చేవాళ్ళం. ఈ వరుస మార్చడానికి మా ఆమెకు ఆరు నెలలు పట్టింది. అన్నం వడ్డించకుండా పళ్ళెం ముందు పెట్టడమంటే ఆమెకు తద్దినం పెట్టినట్లుండేదట!

తింటూ నీళ్ళు తాగకూడదు. అరగంట ఆగి, గుక్క గుక్కగా తాగాలి. ముద్దను మెత్తగా నమిలి మింగాలి, భోజనానికి ఇరవై నిమిషాలు పైనే పడుతుంది. బడిలో మధ్యాహ్నం గంట కొట్టేలోపు ఆమెకు తెమిలేది కాదు. హెడ్‌మాస్టరు గారు మంచివారు, ఆ పీరియడు మార్చి ఇచ్చారు.

మాత్రల సంగతి. బి12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ జీవితాంతం. కాల్షియం, ఐరన్ రెండూ ఒకేసారి వేసుకోకూడదు, రెండు గంటలు ఎడం ఉండాలి. "వేడి చేస్తయి" అని మధ్యలో మానేసింది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9కి దిగాక మళ్ళీ దారిలో పడ్డది. షుగరు మాత్రలు మాత్రం డాక్టర్లే తగ్గించుకుంటూ వచ్చి ఆపారు. పాత మోతాదు అట్లాగే మింగితే షుగరు పడిపోయే ప్రమాదముంది, సొంతంగా మానేయడమూ ప్రమాదమే. రాలిన జుట్టు ఏడాది లోపే మళ్ళీ వచ్చింది, దానికోసం మా ఆమె వాడించిన నూనెల ఖర్చు వేరే చెప్పను.

మన పెన్షనరు మిత్రుల్లో ఒకరి కుమారుడు కూడా ఇదే ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆయన బాధ వేరు. అబ్బాయి తిండి తగ్గించి, మందు పట్టాడు. ఇటువంటి కడుపులో మందు త్వరగా నెత్తికెక్కుతుంది. తిండితో తీర్చుకునే మనోవ్యథ ఏదో ఉంటే కోతతో అది పోదు, వేరే దారి వెతుక్కుంటుంది. డాక్టర్లు ఆపరేషన్‌కు ముందే మానసిక వైద్యునితో మాట్లాడమంటారు. ఆ కాగితం మీద ఉత్తి సంతకం పెట్టించుకుని రాకండి.

పెండ్లిళ్ళు ఇప్పటికీ కష్టమే. దగ్గరి చుట్టాల బంతిలో కూర్చుంటే వడ్డించేవాడు చేయి అడ్డం పెట్టినా ఆగడు. తినకపోతే పెట్టినవారికి చిన్నతనం, తింటే ఆమెకు గండం. కిందటేడు ఒక పెండ్లిలో నేనే ఆమె పక్కన కూర్చుని, ఆమె విస్తట్లో పడ్డవన్నీ నా విస్తట్లోకి మార్చుకున్నాను. ఆ రాత్రి నాకు షుగరు 280.

మూడేళ్ళు దాటింది. 112 నుంచి ఏడాదికి 76కు వచ్చింది. ఇప్పుడు 80. రెండో ఏడు దాటాక కొంత తిరిగి రావడం చాలామందికి ఉంటుందని డాక్టరు గారంటారు. ఆమె మాత్రం ప్రతి కిలోకూ వణికిపోతుంది. "మల్ల మొదటికొస్తనేమో నాయినా" అంటుంది. చిన్న చిన్నగా రోజంతా బిస్కట్లు, మిక్చరు నములుతుంటే గొట్టమంత కడుపైనా అడ్డుకోలేదు, అది ఆమెకు తెలుసు. పరీక్షల పేపర్లు దిద్దే రోజుల్లో చేయి డబ్బాలోకి పోతుంది. నేను ఏమీ అనను. అని చూశాను, రెండు రోజులు మాట్లాడలేదు.

ప్రతి రాత్రి తొమ్మిదింటికి ఆమెకు ఫోను చేయడం నా అలవాటు. ఇరవై ఏళ్ళుగా మొదటి మాట ఒకటే: "తిన్నవా బిడ్డా?" ఆపరేషన్ తరువాత ఒకనాడు అడిగింది, ఆ మాట మానుకొమ్మని. "నువ్వు అట్ల అడిగితే పరీక్ష రాసినట్లయితది" అన్నది. మానడానికి చాలా అవస్థ పడ్డాను. ఇప్పుడు "బడిల ఏం జరిగింది?" అని అడుగుతున్నాను. ఆమె చెప్పుకుంటూ పోతుంది. పిల్లల అల్లరి, స్టేడియంలో నడిచిన చుట్లు, ఒక్కోసారి తానే "ఇయ్యాల రెండు గుడ్లు తిన్న, రిజిస్టరుల రాసుకో" అంటుంది.

రాసుకుంటున్నాను. ఇప్పుడు నాలుగో రిజిస్టరు నడుస్తున్నది.

భోజనాలు సిద్ధంగా ఉన్నవని కార్యదర్శి గారు చీటీ పంపారు. ఈ విషయంలో ఎవరికైనా సందేహాలుంటే బంతిలో నా పక్కన కూర్చోండి, నాకు తెలిసింది చెబుతాను.