నిత్యజీవితంలో సంతృప్తి

(అంబాజీపేటలో సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెద్ద ఉపన్యాసం ఇవ్వడానికి మేము నిలబడలేదు. అందరికీ తెలిసిన సంగతినే మరొక్కసారి గుర్తుచేసుకుందామని నాలుగు ముక్కలు మాట్లాడుతున్నాం.

మనది కొబ్బరి వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. బొండాం కొట్టిన వెంటనే తాగాలి. కురిడీ అలా కాదు. ముదిరిన కాయలను అటక మీద వేసి ఇంచుమించు ఏడాదిపాటు ఓపికపట్టాలి. లోపలి నీరు ఇంకిపోయి, కొబ్బరి పెంకు నుంచి విడివడి, ఊపితే గలగలమంటుంది. అది నిలవుంటుంది. మన సంతోషాలూ ఈ రెండు రకాలే. కొత్త వస్తువు కొన్న సంతోషం బొండాం నీళ్ళ వంటిది. పక్కింట్లో అంతకంటే మంచిది కనబడేదాకానే దాని రుచి! రోజూ కాస్త కాస్తగా కూడబెట్టుకునే తృప్తి కురిడీ వంటిది.

అదెలా కూడుతుంది? పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు, ఆ ఆకు వాసనతో, ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని తింటే కూడుతుంది. సాయంత్రం కాలవగట్టున పెద్దాయనతో పది నిమిషాలు నడిస్తే కూడుతుంది. వీటికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. పక్కన మనిషి ఉంటే చాలు.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను పెద్దలకు గుర్తుండే ఉంటుంది. కోనసీమలో లెక్కలేనన్ని కొబ్బరిచెట్లు నేలకూలాయి. ఎన్నో ప్రాణాలు పోయాయి. ఆ చీకటి రోజుల్లో వాకిట్లో లాంతరు పెట్టుకుని ఇరుగుపొరుగులతో కలిసి తిన్న అన్నాన్ని మేము నేటికీ మరువలేదు. కాపుకు ఏళ్ళు పడుతుందని తెలిసీ మళ్ళీ మొక్కలు నాటారు మన రైతులు. తృప్తి అంటే చేతులు ముడుచుకు కూర్చోవడం కాదని వాళ్ళే నేర్పారు.

అయితే ఒక్క మాట. ఆకలితో ఉన్నవాడికి తృప్తి గురించి బోధించకూడదు. దింపు కార్మికుడికి తగిన కూలి, పిల్లకు చదువు, రోగికి మందు ముందు అందాలి. సంఘాలు ఉన్నది అందుకే. మేము చెప్పేది కడుపునిండా తిని కూడా, ఒక్కపూట పెళ్ళి ఆర్భాటానికి ఏళ్ళ తరబడి అప్పులు తీర్చే మనబోటి వాళ్ళకు.

మా ఇంటి కుర్రాడొకడు గల్ఫ్‌లో ఉన్నాడు. ఫోను రాగానే, "ఈ నెల ఎంత పంపుతున్నావురా?" అనేవాళ్ళం. ఒకనాడు వాడే, "నేను తిన్నానో లేదో ఎవరూ అడగరేంటి?" అన్నాడు. సిగ్గుతో మా నోట మాట రాలేదు. ఇప్పుడు ముందు "ఏం తిన్నావురా?" అంటున్నాం. వాడేమో, "పొట్టిక్కల్లోకి ఇవాళ ఏం పచ్చడి చేశారు?" అని అడుగుతున్నాడు. అదీ మా ఇంటి కురిడీ!

ఇంటికి వెళ్ళాక మీవాళ్ళకూ ఒక ఫోను చేయండి. డబ్బు సంగతి రేపు మాట్లాడుకోవచ్చు. సెలవు.