ఆయాసమంతా వయసు వల్లనేనా?

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 ప్రభుత్వాసుపత్రుల్లో వైద్యుడిగా పనిచేసి, మీలాగే పెన్షను తీసుకుంటున్నవాణ్ణి. నాకిచ్చిన పావుగంటలో ఒకే ఒక్క విషయం మనవి చేస్తాను.

హార్ట్ ఫెయిల్యూర్ అనగానే గుండె ఆగిపోవడమని చాలామంది భయపడతారు. అది కాదు. శరీరానికి కావలసినంత రక్తాన్ని గుండె సరిగా పంపలేకపోవడమే ఆ జబ్బు. ఆయాసం, నీరసం, కాళ్ళవాపు దాని లక్షణాలు. ఈ జబ్బున్నవారిలో దాదాపు సగంమందికి ఒంట్లో ఇనుము తక్కువగా ఉంటుంది. ఇది కొద్దిమందికే తెలుసు.

ఇనుము రక్తానికే అవసరమని మనం అనుకుంటాం. నిజానికి ప్రతి కండరానికీ అవసరమే. తిన్న తిండిని శక్తిగా మార్చుకోవడానికి కండరం ఇనుమును వాడుకుంటుంది. గుండె కూడా కండరమే, రాత్రింబగళ్ళు పనిచేసే కండరం. ఇనుము చాలకపోతే గుండె, కాళ్ళు రెండూ అలసిపోతాయి.

"నా హిమోగ్లోబిన్ బాగానే ఉంది కదా డాక్టరుగారూ" అని అడుగుతారు. హిమోగ్లోబిన్ చేతిలోని ఖర్చు డబ్బు అయితే, ఫెరిటిన్ బ్యాంకులో నిల్వ. నిల్వ తరిగిపోయినా కొంతకాలం చేతిఖర్చు నడుస్తూనే ఉంటుంది. అందుకే హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తే సరిపోదు.

నాకు తెలిసిన ఒక రిటైర్డ్ మిత్రుడు గుమ్మం దగ్గర పాలపాకెట్టు తీసుకుని వంటింటికి వెళ్ళేలోగా రెండుసార్లు ఆగేవారు. మందులు సక్రమంగానే వాడుతున్నారు. హిమోగ్లోబిన్ 13.4. "డెబ్బై దాటాయి, ఇక ఇంతే" అని ఇంట్లోవాళ్ళు సరిపెట్టుకున్నారు. ఫెరిటిన్ చూపిస్తే 38 వచ్చింది. గుచ్చి గుచ్చి అడిగితే, మొలలనుంచి నెత్తురు పోతోందని అప్పుడు చెప్పారు. ఆస్పిరిన్ వాడుతున్నారు కూడా. మొహమాటపడి అంతకాలం ఎవరికీ చెప్పలేదు.

గుండె జబ్బులో ఫెరిటిన్ లెక్క కాస్త వేరు. 100 లోపు ఉంటే ఇనుము లోపమనే డాక్టర్లు పరిగణిస్తారు. 100 నుంచి 299 వరకు ఉంటే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ అనే మరో పరీక్ష చూస్తారు. అది 20 శాతం లోపు ఉంటే లోపమే. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవారందరికీ అప్పుడప్పుడు ఈ పరీక్షలు చేయాలని 2021లో ఐరోపా హృద్రోగ నిపుణుల సంఘం సిఫారసు చేసింది.

మరి మాత్రలు మింగితే చాలదా? దీర్ఘకాల జబ్బులో హెప్సిడిన్ అనే పదార్థం పెరిగి, పేగులనుంచి ఇనుమును లోపలికి రానివ్వదు, ఉన్న నిల్వనూ బయటికి వదలదు. బ్యాంకులో ఖాతా స్తంభింపజేసినట్టే. 2017లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 225 మంది రోగులు పాల్గొన్నారు. 16 వారాలు మాత్రలు వాడినవారికి శ్రమ చేసే శక్తి పెరగలేదు. 2009లో వెలువడిన మరో అధ్యయనంలో 459 మంది పాల్గొన్నారు. ఇనుమును నరంలోకి ఇంజక్షనుగా ఎక్కించినవారిలో 50 శాతం మంది బాగానో, ఒక మోస్తరుగానో మెరుగయ్యామన్నారు. ఉత్త సెలైన్ ఎక్కించినవారిలో అలా అన్నది 28 శాతమే. మళ్ళీ ఆసుపత్రిలో చేరే అవసరం తగ్గుతుందని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. ఆయుష్షు పెరుగుతుందని మాత్రం రుజువు కాలేదు. ఈ మేలు ముఖ్యంగా గుండె పంపు బలం తగ్గినవారి విషయంలో తేలింది. ఎకో రిపోర్టు చూసి అది మీకు తగునో కాదో మీ డాక్టరే నిర్ణయించాలి. ఇంజక్షను ఖరీదైనది. మీ వైద్యసహాయంలో వస్తుందో లేదో ముందుగా కనుక్కోండి. దాన్ని ఆసుపత్రిలో, వైద్యుల పర్యవేక్షణలోనే తీసుకోవాలి.

ఇంట్లో పాటించవలసినవి నాలుగు మాటలు. భోజనంతోపాటు కాఫీ, టీ తాగకండి. అవి ఇనుమును ఒంటబట్టనివ్వవు. నిమ్మ, ఉసిరి మంచివే గాని, ఉసిరి పచ్చడిలోని ఉప్పు గుండెకు చేటు. వార్ఫరిన్ వాడేవారు డాక్టరుకు చెప్పకుండా ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు. ఎవరో చెప్పారని ఐరన్ మాత్రలు సొంతంగా కొని వాడవద్దు.

ఇంకొక ముఖ్యమైన మాట. ఇనుము తగ్గిందని తేలితే, ఎందుకు తగ్గిందో తప్పక వెతికించండి. పెద్దవయసులో కడుపులో పుండో, పేగులో క్యాన్సరో రహస్యంగా నెత్తురు పోగొట్టవచ్చు. మలం నల్లగా వచ్చినా, నెత్తురు పడినా సిగ్గుపడకుండా చెప్పండి. నా మిత్రుడికి పేగుల పరీక్ష చేయించి, మొలలకు చికిత్స జరిగాక, ఇంజక్షను ఇచ్చారు. రెండు నెలలు తిరిగేసరికి ఆయన ఆగకుండా వీధి చివరిదాకా నడవగలిగారు.

కొడుకులకు, కోడళ్ళకు, కూతుళ్ళకు ఒక్క విన్నపం. పెద్దవాళ్ళు ఆయాసపడితే "వయసైపోయింది" అని తీర్పు చెప్పకండి. ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు "ఫెరిటిన్ చూశారా అండీ?" అని మర్యాదగా అడగండి.