తొఱ్ఱలోని దాంపత్యము



పక్షిజాతులలో నూటికి సుమారు 90 వంతులు ఋతుకాలమున జంటగూడి కాపురము సేయునవియే యైనను, ఆ జతను ఏండ్లతరబడి నిలుపుకొనునవి కొన్నియే. వానిలో మన పడమటి కనుమలయందును, ఈశాన్య భారతారణ్యములయందును వసించు పెద్ద హార్న్‌బిల్ మిక్కిలి స్మరణీయము.

గ్రుడ్లు పెట్టు కాలము రాగానే ఆడుపక్షి మహావృక్షపు తొఱ్ఱలో ప్రవేశించి, తన రెట్టను, పండ్ల పిప్పిని ముక్కుతో మెత్తి, సన్నని చీలికమాత్రము విడిచి ద్వారమును మూసికొనును. అటుపై మూడు నాలుగు నెలలపాటు దాని పోషణభారమంతయు మగపక్షిదే. మఱ్ఱి, రావి జాతుల పండ్లను గొంతునిండ మోసికొని వచ్చి, చెట్టుబోదెను అంటిపట్టుకొని, ఒక్కొక్క పండునే పైకి తెచ్చి, చీలిక గుండ ఆలి ముక్కునకు అందించును. లోపల ఆడుపక్షి పాత యీకలను రాల్చి క్రొత్తవి తొడుగుకొనుచుండును. ఇట్టివేళ మగపక్షి వేటగాని పాలబడినచో, తల్లియు పిల్లలును ఆకలికి లోనగును. ఒంటరిగా సంతానమును పెంచుట అసాధ్యమగుటచేతనే ప్రకృతి ఈ బంధమును ఇంత దృఢము గావించినది.

అరుణాచల ప్రదేశమున న్యీషీ తెగవారు పలువురు తమ శిరోభూషణములందు ఈ పక్షియొక్క నిజమైన ముక్కునకు మాఱుగా ఫైబర్‌గ్లాసు ముక్కును ధరించుచుండుట హర్షణీయము. తొఱ్ఱలుగల ముదుసలి తరువులను నఱకక కాపాడుట మనయందఱి కర్తవ్యము.