పంటిమీది చిన్న బొడిపె

వంకర పళ్ళను తీర్చడానికి తీగలు కట్టడం ఒక్కటే మార్గమని చాలాకాలం అనుకుంటూ వచ్చాము. ఇప్పుడు కనబడీ కనబడని ప్లాస్టిక్ తొడుగులు వచ్చినవి. వీటినే అలైనర్లు అంటున్నారు. ఈ ఆలోచన పాతదే. 1945లోనే అమెరికాలో కెస్లింగ్ అనే దంతవైద్యుడు రబ్బరుతో అటువంటి సాధనం చేశాడు. కంప్యూటరు సాయంతో వరుసగా తొడుగులు తయారుచేసే పద్ధతికి ఆ దేశంలో 1998లో అనుమతి లభించింది.

ప్రకటనలలో తొడుగు మాత్రమే కనిపిస్తుంది. పళ్ళమీద పన్నురంగు బొడిపెలు కొన్ని అతికించవలసి ఉంటుందనే సంగతి వైద్యుని కుర్చీలో కూర్చున్న తరువాతగాని తెలియదు. వాటి పేరు అటాచ్‌మెంట్లు. "అవి లేకుండా కానీయండి డాక్టరుగారూ" అని, పెళ్ళి దగ్గరపడిన పిల్ల తల్లి అడగడం సహజమే. అయితే ఆ బొడిపె చేసే పని ఏమిటో ముందుగా తెలుసుకోవాలి.

ఒక్కొక్క తొడుగు పన్నును సుమారు పావు మిల్లీమీటరు మాత్రమే జరుపుతుంది. పన్నును కొద్దిగా లోపలికో బయటికో వంచడానికి తొడుగు తోపు చాలును. కోరపన్ను, దాని వెనుక పన్ను గుండ్రనివి. మెలితిరిగిన ఈ పళ్ళను తిప్పబోతే నున్నని ప్లాస్టిక్ జారిపోతుంది. నూనెచేతులతో సీసామూత తిప్పిచూడండి. అంచున గాట్లుంటేనే పట్టు దొరుకుతుంది. పైకి ఉండిపోయిన పై పన్నును క్రిందికి దించడం మరీ కష్టం. అక్కడ తొడుగు పట్టుకొని లాగడానికి అంచే ఉండదు. బొడిపె ఆ అంచును కల్పిస్తుంది.

అంతమాత్రాన అది మంత్రదండమూ కాదు. 2009లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశీలనలో, కంప్యూటరు తెరమీద చూపిన కదలికలో సగటున నూటికి 41 వంతులే నోటిలో జరిగినట్లు తేలింది. 2020 నాటి మరొక పరిశీలనలో అది 50 అయింది. అందుచేతనే నడుమ మళ్ళీ కొలతలు తీసుకొని కొత్త తొడుగులు చేయించడం తరచు జరుగుతుంది.

పంటిని ఆమ్లంతో గరుకుచేసి, అచ్చు సాయంతో కాంపొజిట్ పదార్థాన్ని అతికించి, నీలికాంతితో గట్టిపరుస్తారు. పింగాణీ తొడుగు వేయించుకొన్న పంటిమీద ఈ అతుకు అంత సులభంగా నిలువదు. భోజనానికి అలైనరు తీస్తాము గనుక, చెరకు నమలడంలోనో, జంతిక కొరకడంలోనో బొడిపె ఊడిపోవచ్చు. నొప్పి ఉండదు. అందువల్లనే ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. రోజుకు 20 నుండి 22 గంటలు తొడుగు ధరించినా ఆ పన్ను వెనుకబడుతుంది. పంటి కొసకూ ప్లాస్టిక్కుకూ నడుమ సందు కనబడుతుంది. అప్పుడు మరుసటి తొడుగుకు పోక వైద్యునికి కబురుచేయాలి.

ఇక ఆ తల్లి కోరికకూ కొంత దారి ఉన్నది. ముందుపళ్ళ బొడిపెలను కొన్నాళ్ళు వాయిదా వేయగల పద్ధతి ఉన్నదేమో తొడుగులు తయారుకాకముందే అడగవచ్చు. తయారైన పిమ్మట అడిగితే ప్రణాళిక మొదటినుండి మార్చవలసి రావచ్చు. బొడిపె అంచున పాచి చేరుతుంది, టీ మరక, పసుపు మరక పడతాయి. బ్రష్షు అక్కడ మరికొంతసేపు ఆడించాలి. చికిత్స ముగిసిన నాడు వైద్యుడే వాటిని అరగదీసి, పంటిని నునుపు చేస్తాడు.