అమరావతి నుండి సముద్రతీరానికి: ఎనిమిది దినాల ధమ్మయాత్ర

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



గత డిసెంబరులో మన సంఘ సభ్యులం పద్నాలుగు మందిమి అమరావతి నుండి మంగినపూడి సముద్రతీరం వరకు కాలినడకన వెళ్లివచ్చాము. ఆ యాత్రను గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యవర్గం నన్ను ఆదేశించింది. దారి పొడవునా చరిత్ర చెప్పడానికి నన్ను వెంట తీసుకువెళ్లారు. అయితే నేను చెప్పిన పాఠాల కంటె నేను నేర్చుకున్న పాఠమే పెద్దది. దానినే మీ ముందు ఉంచుతాను.

ఈ దారినే ఎందుకు ఎంచుకున్నామని కొందరు అడిగారు. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం ఒకటి ఉన్నది. ఆమె తామ్రపర్ణి, అనగా సింహళదేశపు ఆచార్యుల కొరకు చైత్యగృహాన్ని నిర్మింపజేసింది. కంటకసెలలోని మహాచైత్యపు తూర్పు ద్వారం వద్ద శిలామండపం కట్టించినట్లు కూడ ఆ శాసనమే చెబుతున్నది. ఆ కంటకసెలయే నేటి ఘంటసాల అని చరిత్రకారుల అభిప్రాయం. క్రీస్తుశకం 2వ శతాబ్దిలో టాలెమీ తన గ్రంథంలో పేర్కొన్న రేవుపట్టణం కూడ అదేనంటారు. కనుక కృష్ణానది వెంట సముద్రానికి పోయే దారి మనం కల్పించుకున్నది కాదు. భిక్షువులు, వర్తకులు, ఉపాసికలు ఎరిగిన దారి అది.

మొదటి దినం ఉదయం అమరావతి మహాచైత్యం వద్ద త్రిశరణాలు పలికి బయలుదేరాము. 1797లో కాలిన్ మెకంజీ చూసేనాటికే ఆ దిబ్బను తవ్వి, ఇటుకలను, రాళ్లను ఇతర కట్టడాలకు తరలిస్తూ ఉండిరి. శిల్పాలలో అధికభాగం నేడు లండన్, చెన్నై మ్యూజియములలో ఉన్నది. మనకు అక్కడ మిగిలినది ప్రధానంగా పునాది వలయమే. ఆ వలయం పక్కన నిలబడి దాతల పేర్లు చదివి వినిపించాను. వారిలో విధికుడు ఒకడు. అతడు చర్మకారుడు. ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడు. తల్లితో, భార్యతో, సోదరులతో, కొడుకుతో, కూతుళ్లతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని దానం చేసి, ఆ సంగతి రాతి మీద వ్రాయించాడు.

ఈ శాసనాన్ని నేను కళాశాలలో పద్దెనిమిదేళ్లుగా బోధిస్తున్నాను. శాతవాహనుల కాలపు వృత్తులు అనే శీర్షిక క్రింద, ఒకే వాక్యంలో చెప్పి ముగించేవాడిని.

మూడవ దినం తెనాలి చేరబోతుండగా నా చెప్పు పట్టీ తెగిపోయింది. కూడలిలో గొడుగు క్రింద కూర్చున్న వృద్ధుని వద్ద ఆగాము. ఆయన కుట్టుపని చేస్తూ, "ఎందాక బాబూ ఈ నడక?" అని అడిగాడు. చెప్పాను. మాటల సందర్భంలో విధికుని సంగతి కూడ చెప్పాను. ఆయన ఆర తీసిన చేతిని ఆపి, "చెప్పులు కుట్టేవాడి పేరా? రాతి మీదనా? ఎవరు రాయనిచ్చారు?" అన్నాడు.

నాకు వెంటనే సమాధానం తోచలేదు. కొంత తడవుకు, "ఎవరో అనుమతి ఇచ్చినట్లు అందులో లేదు పెద్దయ్యా. తానే దానం చేశాడు, తానే వ్రాయించుకున్నాడు" అన్నాను. ఆ తరువాత, "మా తాత కూడ ఈ పనే చేశాడు" అన్నాను. నా వెంట ఉన్నవారిలో ఇద్దరు నా పూర్వ విద్యార్థులు. వారి ఎదుట ఈ మాట నా నోట రావడం అదే మొదటిసారి. ఆ వృద్ధుడు నా వంక ఒకమారు చూసి, కుట్టు ముగించి, పది రూపాయలు అడిగి తీసుకున్నాడు.

ఇక్కడ చరిత్ర బోధకుడిగా ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. విధికుడు నేటి ఏ కులానికి పూర్వీకుడో మనం చెప్పలేము. ఆనాటి చర్మకారుని స్థితిని నేటి కొలతలతో కొలవరాదు. శాసనం చెప్పనిది దాని చేత చెప్పించరాదు. అది చెప్పినది మాత్రం స్పష్టం: ఆ మనిషి తన పేరు పక్కన తన వృత్తిని దాచుకోలేదు. దాచుకున్నవాడిని నేను.

తరువాతి దారిలో ప్రతి మజిలీ నాకు వేరుగా కనిపించింది. భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే త్రవ్వకాలలో ధాతుకరండాలు బయటపడ్డాయి. వాటిమీద కుర అనేవాని పేరు, అతని తల్లిదండ్రుల ప్రస్తావన ఉన్నాయి. గోష్ఠిగా కూడిన మరికొందరి పేర్లు కూడ ఉన్నాయి. బుద్ధధాతువుల వంటి పవిత్ర వస్తువు చెంత సామాన్య గృహస్థులు తమ పేర్లు ఉంచుకొనడానికి సంకోచించలేదు. పెనుమూడి వద్ద వంతెన మీదుగా కృష్ణను దాటి, పులిగడ్డ మీదుగా ఆరవ దినానికి ఘంటసాల చేరాము.

ఆ ఊరి చెరువుగట్టు మీద కూర్చొని, "రేవుపట్టణమన్నారు, సముద్రం ఏదండీ?" అని మాలో ఒక సోదరి అడిగింది. సముద్రం అక్కడికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్నది. నది తెచ్చిన ఒండ్రుమట్టి శతాబ్దాల పాటు పేరుకొని తీరాన్ని ముందుకు జరిపింది. ఓడలు పోయాయి, రేవు పోయింది. బోధిసిరి మండపం పేరు మాత్రం రాతి మీద నిలిచింది. మరి రెండు దినాలు నడిచి, బందరు మీదుగా మంగినపూడిలో నీటిని తాకాము. కాళ్లు పుండ్లుపడిన వృద్ధులను అలలలోకి యువకులు చేయి పట్టి నడిపించారు. అక్కడ నేను ప్రసంగించలేదు. మా తాత పేరు చెప్పాను, ఆయన వృత్తి చెప్పాను. తరువాత తక్కిన పదముగ్గురూ ఒక్కొక్కరుగా తమ తాతల, అవ్వల పేర్లు, వారు చేసిన పనులు చెప్పారు. తోళ్లు ఊనినవారు, పాకీపని చేసినవారు, పాలేర్లు, నాట్లు వేసిన కూలీలు. ఒక సోదరికి తన అవ్వ పేరు తెలియదు. ఇంటికి వెళ్లగానే తల్లిని అడిగి, నాకు ఫోను చేసి చెప్పింది.

మిత్రులారా, 1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబు మనకు దీక్షనిచ్చినది తల వంచుకొని బ్రతకడానికి కాదు. అయినను ఉద్యోగాలు, పట్టాలు వచ్చిన తరువాత మనలో అనేకులం ఇంటి చరిత్రను అద్దె ఇంటి యజమానికి చెప్పము, సహోద్యోగికి చెప్పము, తుదకు పిల్లలకు కూడ చెప్పము. చెప్పినవారికి ఇల్లు దొరకని రోజులు ఇంకా పోలేదని నాకు తెలుసు. కనుక ఎవరినీ నిందించను. కాని మన సంఘం లోపలనైనా ఆ భయం ఉండరాదు.

నా ప్రార్థన ఒక్కటే. ఈ సంచిక చివర దాతల పట్టిక ఉంటుంది. అందులో మన పేర్ల పక్కన ఇంతవరకు పట్టాలు మాత్రమే వేసుకున్నాము. ఇష్టమైనవారు ఈసారి తమ తాత, అవ్వల పేర్లను, వారి పనిని కూడ వ్రాసి ఇవ్వండి. నా పట్టీని కార్యదర్శిగారికి ఇప్పటికే అందజేశాను. వచ్చే డిసెంబరులో మరల నడుస్తాము. రాగలిగినవారు రండి.

భవతు సబ్బ మంగళం.