ఊరి సభయు, ఊరి పండుగయు



నేడు నేను ప్రసంగింప బూనిన విషయము చెవికి అంత ఇంపైనది కాదు. ఊరి సభలో నెలనెలా జరుగు మామూలు వ్యవహారమును గూర్చి మాటలాడ వలయును. కుళాయి నీరు, వీధి దీపము, మురుగు కాలువ, ఇంటి పన్ను - ఈ మాటలు వినిన వెంటనే చాలమందికి ఆవులింత వచ్చును. అదే తేరనినను, జాతర యనినను, పీర్ల పండుగ యనినను, కఱ్ఱ లేక నడువలేని ముదుసలి సైతము వాకిటికి వచ్చి నిలుచును. ఇది మానవ స్వభావమే కాని తప్పు కాదు. అయితే ఈ రెండును వేర్వేరు వ్యవహారములని మనము తలచుట మాత్రము తప్పు. ఒకదానిని చక్కగా నడుపుట ఎఱిగిన ఊరు రెండవదానిని పాడుపెట్టుకొనుట ఏల యని విచారించుటయే నేటి నా ఉద్దేశము.

మా పామిడినే తీసికొనుడు. గుత్తికిని అనంతపురమునకును నడుమ, పెన్నేటి యొడ్డున ఉన్న ఊరు ఇది. ఏటి గట్టున భోగేశ్వర స్వామి ఆలయము ఉన్నది. బట్టల వర్తకమునకు ఊరు పేరు పొందినది. నది యొడ్డున ఉన్న ఊరికి నీటి కేమి కొఱత యని దూరదేశమువారు అనుకొందురు. పెన్న నంది కొండలలో పుట్టి, సుమారు 600 కిలోమీటర్లు నడచి, నెల్లూరు దాటి సముద్రములో కలియును. అంత నడక నడచిన నది మా సీమలో ఏడాదిలో పెక్కు దినములు ఇసుకయై కనబడును. నైఋతి గాలి తెచ్చు మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్యపు వాన తూర్పు తీరమున కురిసి, మా వద్దకు వచ్చుసరికి వట్టిపోవును. జిల్లాలో ఏడాదికి కురియు సగటు వాన 550 మిల్లీమీటర్ల ప్రాంతము మాత్రమే. అందుచేత ఏటిలో చెలమ తీసి నీరు తోడుకొనుట మా తాత ముత్తాతలు ఎఱిగిన విద్య.

ఇటువంటి సీమలో సభవారి ఎజెండాలో "త్రాగునీటి సరఫరా" అను అంశము ఉన్నదనిన, అది కాగితము మీది మాట కాదు. బోరునీటిలో ఫ్లోరైడు ఉన్న పల్లెలలో పిల్లల పండ్లకును, పెద్దల ఎముకలకును సంబంధించిన మాట అది. 1990 దశకపు నడుమ శ్రీ సత్యసాయి సంస్థవారు అనంతపురము జిల్లాలో 700కు పైబడిన గ్రామములకు త్రాగునీటి గొట్టములు వేయించిరి. అది గొప్ప దానము. కాని దానము ఒకనాటిది, దాని పోషణ ప్రతిదినపుది. మోటారు కాలిన నాడు చుట్టించుట, గొట్టము పగిలిన చోట అతికించుట, తొట్టి కడిగించుట, నీటిని పరీక్షింపించుట - వీనిని ఏ దాతయు నిత్యము వచ్చి చేయజాలడు. ఆ పని సభది. సభ నిదురించిన యెడల ఎంత పెద్ద దానమైనను తుప్పు పట్టును.

ఈ సభ యను వస్తువు మనకు క్రొత్తది కాదు. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీవారికి ధారపోసిన పిదప, థామస్ మన్రో దొర ఏడేండ్లు ఇచ్చట కలెక్టరుగా ఉండెను. ఆయన 1806లో అనంతపురమునుండి వ్రాసిన నివేదికలో, పన్నెండుగురు ఆయగాండ్రు గల ప్రతి గ్రామమును ఒక చిన్న ప్రజారాజ్యముగా వర్ణించెను. రెడ్డి, కరణము, తలారి, నీరుగంటి, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి మున్నగువారు కళ్లములో ధాన్యము కొలుచునపుడు తమ పాలు తాము పుచ్చుకొని, ఏడాది పొడుగున ఊరి పనులు చేయుచుండిరి. చెరువు తూము తెఱచుట, మూయుట నీరుగంటి పని. కట్ట బాగుచేయువారికి దశబంధపు మాన్యములుండెను. ఊరి పని చేయువారికే ఊరి పండుగలోను పాత్ర యుండెను.

ఆ కాలమును వట్టిగా పొగడుట నా కిష్టము లేదు. చావడిలో కూర్చుండి తీర్పు చెప్పినవారు కొందఱే. వెట్టి చేసిన మాల మాదిగలకు ఆ చావడి ఎక్కు అధికారము లేకుండెను. స్త్రీ మాట అచ్చట వినబడలేదు. నేటి చట్టమున షెడ్యూల్డు కులములకును తెగలకును స్థానములు ప్రత్యేకింపబడినవి. మన రాష్ట్రమున 2011లో పంచాయతీలలో స్త్రీలకు సగము స్థానములు నిర్ణయింపబడినవి. ఇది వెనుకటి రాజ్యము కంటె మేలైన రాజ్యము. అయితే పాతవారికి ఉండి మనకు తగ్గిన గుణ మొక్కటి కలదు. ఏ ఋతువులో ఏ పని చూడవలయునో వారు ఎవరును చెప్పకయే చూచుచుండిరి.

ఆ గుణము లేనినాడు ఏమగునో చెప్పు కథ మన సీమలోనే యున్నది. అనంతపురము ప్రక్కన బుక్కరాయసముద్రము చెరువు విజయనగర ప్రభువు బుక్కరాయల కాలపుది. ఒకప్పుడు పెద్ద వానలు కురిసి కట్ట తెగనుండగా, ఊరు నిలుచుటకై బసిరెడ్డి కోడలు ముసలమ్మ తన్ను తాను బలి యిచ్చుకొనినదని పెద్దలు చెప్పుదురు. కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థి దశలోనే ఈ కథను "ముసలమ్మ మరణము" అను కావ్యముగా రచించిరి. ఆ కట్టకు నేటికిని ముసలమ్మ కట్ట యనియే పేరు. ఆ తల్లి త్యాగమునకు మ్రొక్కని వారుందురా? నేనును మ్రొక్కుదును. కాని ఆ కథ వినినప్పుడెల్ల నాకొక ప్రశ్న తోచును. వానలు రాకమునుపే కట్ట మీద నక్క బొఱియలు పూడ్చిరా? మరువ వద్ద పూడు తీసిరా? ఇంటి కొక మనిషి గడ్డపాఱ పట్టి వచ్చెనా? అవి జరిగిన ఊరిలో ఒక ఇల్లాలు నీట దిగవలసిన అక్కఱ సాధారణముగా కలుగదు. మామూలు పని మానిన ఊరే మహాత్యాగములను కోరును. సభలోని విసుగు పుట్టించు పనికి ఇంత విలువ యున్నది.

ఇక చట్టము మాట. రాజ్యాంగమునకు 73వ సవరణ 1993 ఏప్రిలు 24వ తేదీన అమలులోనికి వచ్చెను. ఆ దినమునే 2010 మొదలుకొని దేశమంతట పంచాయతీరాజ్ దినముగా జరుపుచున్నారు. ఆ సవరణతోబాటు వచ్చిన పదునొకండవ షెడ్యూలులో 29 విషయములు గ్రామ సంస్థలకు చెప్పబడినవి. అన్నిటికంటె ముఖ్యమైనది గ్రామసభ. పంచాయతీ వేఱు, గ్రామసభ వేఱు. పంచాయతీలో ఎన్నికైనవారు కూర్చుందురు. గ్రామసభలో ఓటర్ల పట్టికలో పేరున్న ప్రతివాడును, ప్రతి ఆడుదియు సభ్యులే. జమాఖర్చులు, తనిఖీ నివేదిక, రాబోవు ఏటి పనులు, క్రొత్త పన్నుల ప్రతిపాదనలు అచ్చట చదువవలయునని 1994 నాటి మన పంచాయతీ చట్టము చెప్పుచున్నది. ఊరు పెరిగి పురపాలకమైనపుడు వేఱు చట్టము, పండ్రెండవ షెడ్యూలులోని 18 విషయములు వచ్చును. వార్డు కమిటీలను మాత్రము రాజ్యాంగము మూడు లక్షలకు తక్కువ కాని జనాభా గల పట్టణములకే విధించినది. అనగా చిన్న పట్టణమునందు పెద్దలు తమంతట తాము పూనుకొని సభకు పోయి వినకున్న, పిలిచి కూర్చుండబెట్టు కట్టుబాటు పలుచబడును.

చట్టము ఇంత హక్కు ఇచ్చినను ఆ సభకు వచ్చువారెందఱు? దండోరా వేయించినను పదిమంది చేరుట కష్టమగుచున్నది. తీర్మానముల పుస్తకము ఇంటింటికి తిరిగి సంతకములు తెచ్చుకొనునట్టి ఊళ్లును లేకపోలేదు. అదే ఊరిలో పండుగ పని యనిన పిలువకయే వత్తురు. అచ్చట ఏ లోపమును లేదు. ఎవరు చందా వ్రాసిరి, ఎంత వసూలైనది, మేళమునకు ఎంత, దీపములకు ఎంత యని పైసలతో లెక్క చెప్పుదురు. లెక్క తప్పిన పెద్దమనిషికి మరుసటి ఏడు పెత్తనము దొరకదు. ఏ వీధి ముందు, ఏ వీధి వెనుక యను తగవును వారే తీర్చుకొందురు.

పీర్ల పండుగనే చూడుడు. నార్పల దాపున గూగూడులో కుళ్లాయిస్వామి పీరుకు హిందువులు, ముసల్మానులు అందఱును మ్రొక్కుకొందురు. చక్కెర చదివించి పంచుదురు. గుండములో నిప్పు త్రొక్కుదురు. మా జిల్లాలో కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ యను పేర్లు హిందువుల ఇండ్లలో కొల్లలు. ఇంత జనమును కలుపుట ఏ తాకీదు వలనను సాధ్యము కాదు.

ఇంకొక సంగతి వినుడు. మొహరము పదియవ నాడును, భాద్రపద శుద్ధ చవితియు, రెండును అమావాస్య దాటిన చంద్రునిబట్టి వచ్చునవే. మన పంచాంగమున అధికమాసము చేర్తురు. హిజరీ లెక్కలో చేర్పరు. కావున మొహరము ఏటేట వెనుకకు జరుగుచు, సుమారు 32, 33 ఏండ్ల కొకమారు వినాయక చవితిని కలియును. 2018, 2019, 2020 సంవత్సరములలో అట్లే ఒక పక్షములోనే రెండు పండుగలు వచ్చినవి. 2018లో చవితి సెప్టెంబరు 13, మొహరము పదియవ నాడు సెప్టెంబరు 21. 2020లో మహమ్మారి కారణముగా ఊరేగింపులు నిలుపబడినవి గాని, తక్కిన రెండేండ్లు వినాయకుని మేళమును, పీర్ల తప్పెటయు ఒకే వీధిలో పోవలసి యుండెను. అట్టి యేడు ఏ ఘడియకు ఏ ఊరేగింపు, ఏ మలుపు వద్ద ఎవరు ఆగవలయును, దీపము లెచ్చట చాలవు, ఏ గుంత పూడ్చవలయును అను ప్రశ్నలు పుట్టును. ఇవి పండుగ ప్రశ్నలా, సభ ప్రశ్నలా? రెండును. నెల ముందే పెద్దలందఱు సభలో కూర్చుండి తేల్చుకొనిన, పోలీసువారికి పని తగ్గును. తేల్చుకొననిచో ఒక చిన్న మాట పెద్ద గాయమగును.

కావున ఊరి పెద్దలకు నా విన్నప మిది. క్రొత్త సంఘములు పెట్టనక్కఱలేదు. ఉన్న పండుగలకే ఉన్న సభను ముడివేయుడు.

మొదటిది ఉగాది. ఆ సాయంకాలము దేవాలయములో పంచాంగ శ్రవణము జరుగును. తన రాశికి ఆదాయ మెంత, వ్యయ మెంత యని ప్రతివాడును చెవి యొగ్గి వినును. ప్రభుత్వపు లెక్కల సంవత్సరము మార్చి 31తో ముగియును. ఉగాది దానికి కొంచెము ముందో వెనుకో వచ్చును. పంచాంగము ముగిసిన పిదప చావడిలో అందఱి యెదుట ఊరి ఆదాయ వ్యయములను గూడ చదివింపుడు. అది గ్రహములు చెప్పిన లెక్క; ఇది మన పన్నుతో మనవారు వ్రాసిన లెక్క. తమిళ దేశమున ఉత్తరమేరూరులో చోళరాజు పరాంతకుని నాటి, అనగా క్రీ. శ. 920 ప్రాంతపు శాసన మొకటి యున్నది. సంఘములో ఉండి లెక్క అప్పగింపనివాడు మాత్రమే గాక, వాని బంధువులును మరల సంఘమునకు అనర్హులని అందులో చెక్కించిరి. వేయేండ్ల నాడు రాతి మీద వ్రాసిన కట్టుబాటును నేడు కాగితము మీదనైనను నిలుపుకొనలేమా?

రెండవది ఏరువాక పున్నమి. ఎద్దులను కడిగి కొమ్ములకు రంగు పూయుటకు ముందు వారమున చెరువు కట్ట, మరువ, నీరు వచ్చు వంకలు, ఊరి మురుగు కాలువలు నడచి చూడుడు. ఆక్రమణ యున్న యెడల అప్పుడే పేరు వ్రాయుడు. ఏటి ఇసుకను గూర్చియు అప్పుడే అడుగుడు. ఇసుక నీటిని దాచు కుండ వంటిది. కుండ పగులగొట్టి చెలమలో నీరు లేదని ఏడ్చుటలో అర్థము లేదు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము ఇందులకు ఆధార మిచ్చుచున్నది. దానిని అడుగు నోరు మనది కావలయును.

మూడవది చవితియు, మొహరమును. ఊరేగింపు దారి, దీపములు, మట్టి విగ్రహములు, నిమజ్జనపు చోటు - వీనిని మసీదు పెద్దలును, దేవాలయపు పెద్దలును ఒక్క చాప మీద కూర్చుండి సభ యెదుట నిర్ణయింప వలయును. ఆ తీర్మానము పుస్తకములో ఎక్కవలయును. నోటి మాట మఱచిపోవచ్చును, వ్రాత నిలుచును.

ఏడాదిలో మూడు దినములు ఇందుకు వినియోగించిన ఏ వ్యవసాయమును చెడదు. చదువు వచ్చిన పెద్దలు ముందు వరుసలో కూర్చుండిన, యువకులు వెనుక వరుసకైనను వత్తురు. ఆడువారిని ప్రత్యేకముగా పిలిపింపుడు. నీళ్ల బిందె బరువు వారి నడుముకు తెలిసినట్లు మనకు తెలియదు. చదివిన లెక్కలో అర్థము కాని అంకె యున్నయెడల సిగ్గుపడక అడుగుడు. సభవారు బదులు చెప్పలేకున్న కోపగింపక, మరుసటి నెలకు బదులు తెమ్మని వ్రాయింపుడు. మరుసటి నెల మఱవక పొండు. కోపము ఒకనాటితో తీరును. వెంటబడి అడుగుట చేతనే కుళాయిలో నీరు వచ్చును.

ముసలమ్మ కట్టకు మ్రొక్కుట మానవలదు. ఆమె వంటి మఱియొక తల్లి త్యాగము మన ఊరికి అక్కఱపడని విధముగా, మన నెలసరి సభను నడుపుకొందము.